వాన నీళ్ళను పక్కింటికి తోసేస్తున్నామా?

మీ మేడ మీద పడిన వాన నీళ్ళు గొట్టంలోంచి దిగి ఎటు పోతాయో ఎప్పుడైనా గమనించారా? నేనైతే ఇల్లు కట్టుకున్న పధ్నాలుగేళ్ళ దాకా గమనించలేదు. వాకిలి దాటి, గేటు దాటి పోతే చాలు, ఇక వాటి సంగతి మనకెందుకు అన్నట్టే ఉండేదాన్ని. 2020 అక్టోబరు 13 రాత్రి ఆ నీళ్ళే వెనక్కి తిరిగి మా ఇంట్లోకి వచ్చాయి.

ఆ రోజు హైదరాబాదులో 19 సెంటీమీటర్ల వాన పడింది. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు కూడా దాటింది. మాది ఊరి శివారు కాలనీ. రాత్రి తొమ్మిది ప్రాంతంలో స్నానాల గది తూములోంచి నల్లటి నీళ్ళు బుడబుడమంటూ పైకి రావడం మొదలైంది. నేనూ మా అమ్మాయీ బకెట్లతో ఎత్తిపోశాం. ఎత్తిపోసేది ఎక్కడికి? వీధిలో అంతకన్నా ఎక్కువ నీళ్ళున్నాయి! పదిన్నరకల్లా ముందు గుమ్మంలోంచి కూడా వచ్చేసి మోకాళ్ళ దాకా నిలిచాయి. బియ్యం డ్రమ్ము ఒరిగిపోయింది. ఖాళీ గ్యాసు సిలిండరు తేలుకుంటూ వచ్చి వంటింటి తలుపును కొడుతూ ఉంటే ఎవరో తలుపు తడుతున్నట్టే ఉంది. మా వారు మెయిన్ ఆపేసి, పిల్లల సర్టిఫికెట్ల సంచీ నెత్తిన పెట్టుకుని మెట్ల మీదికి తరిమారు మమ్మల్ని. తెల్లవార్లూ మెట్ల గదిలో కూర్చున్నాం.

నీళ్ళు తీయడానికి మూడు రోజులు పట్టింది. ఫ్రిజ్జు పోయింది. రెండు పట్టుచీరలు పోయాయి. ఏడాదికి సరిపడా పట్టుకున్న ఆవకాయ మొత్తం పారబోశాను. మురుగు నీళ్ళు తగిలిన ఏ తిండి వస్తువునూ దాచుకోకండి, జాడీ మూత గట్టిగానే ఉంది కదా అని అసలే అనుకోకండి. సంపు ఖాళీ చేసి, రుద్ది, బ్లీచింగు పౌడరు నీళ్ళతో కడిగించాకే మళ్ళీ నింపుకున్నాం.

మా అత్తమ్మ అప్పటికి లేరు. ఉంటే ఏమనేవారో నాకు తెలుసు. 2004లో ప్లాటు కొన్నప్పుడు ఆవిణ్ణి చూపించడానికి తీసుకెళ్ళాం. ఆవిడది వరంగల్లు వైపు పల్లెటూరు. ప్లాటులో మొలిచిన గడ్డిని కాలితో పక్కకు నెట్టి చూసి, “గిదంత తుంగనే గద బిడ్డా! తుంగ మొలిచిన కాడ ఇల్లు కడ్తరా? మత్తడి కింది భూమి లెక్క కొడ్తున్నది” అన్నారు. అమ్మినాయన నవ్వి, చెరువు ఎప్పుడో ఎండిపోయిందమ్మా, ఇది పట్టా భూమి అన్నాడు. మేమూ నవ్వాం. చవగ్గా వస్తోంది కదా!

మత్తడి అంటే తెలియని వాళ్ళకు చెబుతాను. కోస్తా వైపు దాన్ని అలుగు అంటారు. చెరువు నిండాక పైన ఎక్కువైన నీళ్ళు పొర్లి పోవడానికి కట్టకు ఒక పక్కన కట్టే రాతి గట్టు అది. మత్తడి దూకిన నీళ్ళు ఒక కాలువ పట్టుకుని కింది చెరువులోకి పోతాయి. అది నిండితే దాని కింది చెరువులోకి. ఇలా ఒకదాని కింద ఒకటి గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలం నుంచీ మన తెలంగాణలో ఊళ్ళు బతికింది వీటి మీదే. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల పేర్లు మీకు తెలిసినవే. మా ఇల్లు అలాంటి ఒక కాలువ దారిలో ఉందని నాకు వరద వచ్చాక గానీ బుర్రకెక్కలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

వరద తర్వాత మేం చేసిన మొదటి పని గేటు దగ్గర అడుగున్నర ఎత్తు అడ్డుగోడ కట్టించడం. గేటు లోపల ర్యాంపు కూడా ఎత్తు చేయించాం. అంతకు ముందే, 2015లో, ఎర్రమట్టి కాళ్ళకు అంటుకుంటోందని వాకిలంతా టైల్స్ వేయించాం. వేపచెట్టు ఆకులు రాలుస్తోందని కొట్టించేశాం. ఇంటి ముందు మోరీ మీద స్కూటరు పెట్టుకోవడానికి రాతి పలకలు పరిచాం. మా వీధిలో అందరూ చేసిన పనే కాబట్టి తప్పనిపించలేదు.

2021లో మళ్ళీ పెద్ద వాన వచ్చింది. ఈసారి మా ఇంట్లోకి చుక్క రాలేదు. మా వారు గేటు దగ్గర నిలబడి గోడను చూసి తెగ మురిసిపోయారు. నేను పకోడీలు కూడా వేశాను. మర్నాడు పొద్దున ఇస్త్రీ బట్టలు తెచ్చుకుందామని వీధి చివరికి వెళ్ళాను. అక్కడ పల్లంలో ఒక రేకుల షెడ్డు. భార్యాభర్తలిద్దరూ అందులోనే ఉంటారు, అందులోనే ఇస్త్రీ చేస్తారు. షెడ్డులో తొడల దాకా నీళ్ళు నిలిచి దిగిన మరక కనిపిస్తోంది. నలుగురి ఇళ్ళ బట్టలు, మా వారి చొక్కాలతో సహా, బురద ముద్దగా బయట కుప్ప పోసి ఉన్నాయి. బొగ్గుల బస్తా నీళ్ళు కారుతోంది. ఆమె నన్ను చూసి ఏడవలేదు, అరవలేదు. “కిందటేడు మీ ఇండ్లల్లకు వొచ్చినయి. ఈ ఏడు మా మీదికి తోల్తిరి గదక్కా” అంది.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. నిజమే కదండీ! ఆకాశంలోంచి పడిన నీళ్ళు ఎక్కడో ఒక చోట ఉండాలి. మేం గోడ కట్టాం, పక్కింటి వాళ్ళు ఇంకో అంగుళం ఎత్తు కట్టారు, ఎదురింటి వాళ్ళు మట్టి పోయించారు. గోడ కట్టుకోలేని వాళ్ళ ఇంట్లోకి అందరి నీళ్ళూ పోయాయి.

ఆ రాత్రి మా అబ్బాయి చేత లెక్క వేయించాను. వాడు అప్పట్లో సివిల్ ఇంజనీరింగు చదువుతున్నాడు. మాది 200 గజాల స్థలం. పది సెంటీమీటర్ల వాన పడితే ఆ ఒక్క స్థలం మీదే 16,700 లీటర్ల నీళ్ళు! అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడింటి కన్నా ఎక్కువ. ఇలాంటివి వంద ఇళ్ళుంటే 16 లక్షల లీటర్లు పైమాటే. మట్టీ చెట్లూ ఉంటే అందులో కొంత ఇంకుతుంది, కొంత నెమ్మదిగా పోతుంది. సిమెంటు మీద పడింది మాత్రం ఆగకుండా వీధిలోకి ఉరుకుతుంది. వేసవిలో ట్యాంకరుకు డబ్బులిచ్చి కొనుక్కునేదీ మనమే, వానాకాలంలో ఈ నీళ్ళను బయటికి తోలేదీ మనమే!

“అమ్మా, దీనికో పేరుంది. బ్లూ గ్రీన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్” అన్నాడు వాడు. నీలం అంటే నీళ్ళు: చెరువులు, కుంటలు, వాగులు. పచ్చ అంటే చెట్లు, గడ్డి, తోటలు, మట్టి. రోడ్లూ, కరెంటూ, డ్రైనేజీ ఎలా ఊరికి అవసరమో ఇవీ అలాగే అవసరమని, ఊరి ప్లాను గీసేటప్పుడే వీటికి చోటు వదలాలని దాని అర్థమట. నీళ్ళను వీలైనంత త్వరగా బయటికి పంపించడం కాదు, పడ్డ చోటే కాసేపు ఆపడం, ఇంకించడం, మిగిలింది మెల్లగా పంపడం. పేరు కొత్తది గానీ సంగతి మా అత్తమ్మ చెప్పిందే.

వాడు చెబుతుంటే నాకు 2019లో చూసిన ఒక పార్కు గుర్తుకొచ్చింది. మరదలి పురిటికి సాయంగా సింగపూరులో తమ్ముడి ఇంట్లో నెల రోజులు ఉన్నాను. సాయంత్రాలు దగ్గర్లోని బిషాన్ - ఆంగ్ మో కియో పార్కుకి తీసుకెళ్ళేవాడు. మధ్యలోంచి చిన్న ఏరు వంకరటింకరగా పారుతుంది. ఒడ్డున రాళ్ళు, గడ్డి, పూలమొక్కలు. పిల్లలు చీలమండ లోతు నీళ్ళలో ఆడుకుంటూ ఉంటారు. అది కాలాంగ్ అనే నది అనీ, ఒకప్పుడు అక్కడ 2.7 కిలోమీటర్ల తిన్నని సిమెంటు కాలువగా ఉండేదనీ తమ్ముడు చెప్పాడు. ఆ సిమెంటు పగలగొట్టి, 3.2 కిలోమీటర్ల వంపుల ఏరుగా మార్చి 2012లో తెరిచారట. “కట్టిన కాలువను పగలగొట్టడమేంట్రా, డబ్బులెక్కువయ్యాయా వీళ్ళకి!” అన్నాను అప్పుడు. ఒక రోజు పెద్ద వాన పడింది. ఎనిమిదో అంతస్తు కిటికీలోంచి చూస్తే ఆ ఏరు పార్కు గడ్డి మీదంతా పరుచుకుంది. ముందే దీపాలు వెలిగించి, సైరను మోగించి జనాన్ని పైకి పంపేస్తారట. ఆ నీళ్ళు ఏ ఇంట్లోకీ పోలేదు, పార్కులోనే ఉండి తర్వాత మెల్లగా దిగిపోయాయి. పొడి రోజుల్లో తోట, వాన రోజున ఏరు.

సింగపూరు దాకా ఎందుకులెండి. హైదరాబాదు నేర్చుకున్న పాఠం అంతకన్నా పాతది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద సంగతి పెద్దవాళ్ళు చెబితే వినే ఉంటారు. పైనున్న చెరువులు రెండొందలకు పైగా తెగి ఊరి మీద పడ్డాయి. వేల మంది పోయారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. మరుసటేడు ఆరో నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన మూసీకి పెద్ద గోడలు కట్టి ఊరుకోమనలేదు. ఊరికి ఎగువన వరదను ఆపి పట్టుకునే జలాశయాలు కట్టమన్నారు. అలా వచ్చినవే గండిపేట అని మనం పిలుచుకునే ఉస్మాన్ సాగర్, ఆ తర్వాత హిమాయత్ సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. నది ఒడ్డున తోటలు కూడా ఉండాలన్నారు ఆయన. నీళ్ళు, పచ్చదనం రెండూ ఉన్నాయి చూశారా ఆ మాటలో!

తర్వాత మనమే మర్చిపోయాం. మాసాబ్ ట్యాంక్ బస్టాపులో దిగి ఎప్పుడైనా ట్యాంకు ఏదీ అని వెతికారా? మా సాహెబా చెరువు అన్న పేరే అలా మారిందంటారు. ఇప్పుడు పేరుంది, చెరువు లేదు. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడి నగరం అతలాకుతలమైంది. 2020లో మా సంగతి చెప్పాను కదా, అదే వారంలో గుర్రం చెరువు కట్ట తెగి కింద ఉన్న బస్తీలు మునిగాయి. ఇది హైదరాబాదు ఒక్కదాని కథా కాదు. 2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు టీవీలో ఆ ఆడవాళ్ళను చూస్తుంటే నా వంటిల్లే చూస్తున్నట్టు ఉంది.

చెడిపోయినదంతా ఇక అంతే అనుకోకండి. బాగుపడినవీ ఉన్నాయి. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట ఒకటుంది. పేరులోనే ఉంది కదా, ఒకప్పుడు ఆడవాళ్ళు బతుకమ్మ వదిలిన కుంట. 14 ఎకరాలకు పైగా ఉన్నది మట్టితో, చెత్తతో నిండిపోయి చివరికి అయిదెకరాల పైచిలుకు ముళ్ళపొదగా మిగిలింది. హైడ్రా వాళ్ళు 2025లో పూడిక తీయిస్తుంటే కొద్ది అడుగుల లోతులోనే నీళ్ళు వచ్చాయి. ఆ సెప్టెంబరులో, సరిగ్గా బతుకమ్మ పండగ రోజుల్లో, కుంటను మళ్ళీ తెరిచారు. తంగేడు, గునుగు పూలు చెరువులో ఎందుకు వదులుతామో పిల్లలు అడిగితే ఇదివరకు ఏదో చెప్పి తప్పించుకునేదాన్ని. వదలడానికి చెరువంటూ ఉండాలంటే దాన్ని ఏటా చూసుకోవాలి కదా అనిపిస్తోంది ఇప్పుడు.

ఇంకోటి మణికొండ దగ్గరి నెక్నాంపూర్ చెరువు. అక్కడ 2018లో నీళ్ళ మీద తేలే తోట వేశారు, 3,000 చదరపు అడుగులది. వెదుళ్ళు, థర్మోకోలు, గోనెసంచులు, కంకర... ఇవే సామాను! దాని మీద వట్టివేరు, మెట్టతామర, జమ్ము లాంటి మొక్కలు పెడితే వాటి వేళ్ళు నీళ్ళలోకి దిగి మురుగులోని సారాన్ని పీల్చుకుంటాయి. ఆ వేళ్ళను పట్టుకుని ఉండే సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. మన పెరట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే చోట అరటి, మెట్టతామర పెట్టుకునేవాళ్ళు మన అమ్మమ్మలు. ఇది దానికి పెద్దక్క.

సరే, మేం ఏం చేశామో చెప్పాలి కదా.

మొదట మోరీ మీది రాతి పలకలు తీయించాం. లోపల ఏం బయటపడ్డాయో తెలుసా? ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి చిప్పలు, ఒక పాత దిండు! తర్వాత వాకిట్లో సగం టైల్స్ పీకించి మట్టి పోయించాను. దీనికి మాత్రం ఇంట్లో యుద్ధమే జరిగింది. “డబ్బు పెట్టి వేయించుకున్నవి డబ్బు పెట్టి పీకిస్తావా?” అన్నారు మా వారు. వారం రోజులు మాటల్లేవు. ఇప్పుడు ఆ మట్టిలో కరివేపాకు, గన్నేరు, ఒక చిన్న వేప ఉన్నాయి.

ఇంకుడుగుంట మేడ గొట్టం దిగే వైపు తీయించాం. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద చిన్న కంకర, దాని మీద దొడ్డు ఇసుక. పైన ఒక అడుగు ఖాళీగా వదలాలి, నీళ్ళు నిలవడానికి. చుట్టూ రెండు వరుసల ఇటుక కట్టి జాలీ మూత వేయించాం, పిల్లలు పడకుండా. గొయ్యి తీయగానే నాలుగు బకెట్ల నీళ్ళు పోసి చూడండి. ఇంకకుండా అలాగే ఉంటే కింద బండ ఉన్నట్టు, ఇంకో మూల చూసుకోవాలి. మా పక్కింటి వదినగారికి మొదటి గొయ్యి అలాగే దండగైంది.

మేడ మీద నీళ్ళు, వాకిట్లో నీళ్ళు మాత్రమే దీనిలోకి వదలాలి. బట్టలుతికిన సబ్బు నీళ్ళు, స్నానాల గది నీళ్ళు వదిలారంటే బోరు నీళ్ళు మీరే చెడగొట్టుకున్నట్టు. సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. వానాకాలం మొదటి వానకు మేడ మీది దుమ్మూ, పిట్టల రెట్టా అన్నీ కొట్టుకొస్తాయి, ఆ నీళ్ళు బయటికే పోనివ్వండి. ఏటా మృగశిర కార్తెకు ముందు పై ఇసుక తీసి కడిగి మళ్ళీ వేయాలి. ఇది మర్చిపోతే రెండేళ్ళకే గుంట మూసుకుపోతుంది, నాదీ ఒకసారి మూసుకుపోయింది. వెయ్యి చదరపు అడుగుల మేడ మీద హైదరాబాదులో ఏడాదికి పడే నీళ్ళు సుమారు 75,000 లీటర్లు, పదిహేను ట్యాంకర్లు. అన్నీ ఇంకవనుకోండి, సగం ఇంకినా లాభమే.

ఇంత చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. 2020 లాంటి వాన మళ్ళీ వస్తే మా గుంట ఒక గంటలో నిండిపోతుంది. అలాంటి రాత్రిని మోయగలిగేది చెరువే. ఇళ్ళల్లో గుంటలు తీసుకోమని మనకు చెప్పి, మరో పక్క చెరువుల్లో మట్టి పోస్తుంటే చూస్తూ ఊరుకుంటే లాభమేముంది?

అందుకే ప్లాటు గానీ ఫ్లాటు గానీ కొనబోతున్న అక్కచెల్లెళ్ళు ఒక పని చేయండి. కిచెన్ ప్లాట్‌ఫారం రంగు చూసే ముందు చెరువు హద్దు చూడండి. ఎఫ్.టి.ఎల్. అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు నిలిచే గీత. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని నిబంధన. హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల పటాలు హెచ్.ఎం.డి.ఎ. వారు ఇంటర్నెట్‌లో పెట్టారు, మీ పిల్లల చేత చూపించుకోండి. అంతకన్నా తేలికది, ఆ ఊళ్ళో పాత కిరాణా కొట్టు ముసలాయన్నో, గేదెలు మేపే ఆవిణ్ణో అడగండి, వానాకాలంలో ఇక్కడ నీళ్ళెక్కడ నిలుస్తాయని. ఎండాకాలంలో ప్లాటు చూసి మురిసిపోకండి. తుంగ ఉందేమో చూడండి.

ఈ వ్యాసం రాస్తున్నానంటే మా వారు, “కాలనీ పేరు మాత్రం రాయకు, ఇంటి ధర పడిపోతుంది” అన్నారు. రాయలేదు. అమ్మాలనే ఆలోచన మాకూ వచ్చింది, కాదనను. అమ్మితే కొనేవాళ్ళకు ఈ కథంతా చెప్పాలా వద్దా అని నేనూ ఆయనా రెండుసార్లు పోట్లాడుకున్నాం. ఇంకా తేలలేదు.

ఇప్పటికి మా వీధిలో పదకొండు ఇళ్ళకు నాలుగింట్లో ఇంకుడుగుంటలున్నాయి. మోరీ పలకలు తీసినవి ఆరిళ్ళు. ఇస్త్రీ షెడ్డులోకి కిందటి వానాకాలంలో రెండుసార్లు నీళ్ళు వచ్చాయి, కానీ చీలమండ దాటలేదు. ఆమె బట్టల మూటలు ఎత్తుగా పెట్టుకోవడానికి ఒక బల్ల చేయించుకుంది. అయిదో గుంట కోసం మలుపు దగ్గరి ఇంటావిడ ఒప్పుకుంది గానీ, అక్కడ కారు పెట్టుకోవాలని వాళ్ళాయన అంటున్నాడట. వచ్చే ఆదివారం మేస్త్రీని తీసుకుని నేను వెళ్తున్నాను. గుంట మీద గట్టి జాలీ వేస్తే కారు కూడా నిలుస్తుందని ఆయనకు చూపించాలి.